గడ్డికి బూజు : తరుగు ఎవరి ఖాతాలో?

విశాఖపట్నం, వన్ టౌన్ : దాణా వ్యాపారంలో ‘బూజు’ అన్నది మొదటినుంచీ ధర తగ్గించే మాట. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల తౌడు గాని, తెలగపిండి గాని, వేరుశనగ చెక్క గాని బేరమాడే మనిషి ముందుగా బస్తాలోంచి గుప్పెడు సరుకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ముక్కవాసన తగిలిందా, క్వింటాలుకు కొంత కోత పడినట్లే. వాసన గట్టిగా ఉంటే బేరం అక్కడితో ఆగిపోతుంది.

అలాంటి బూజునే ధర పెంచే వస్తువుగా చూపే ప్రతిపాదనలు కొంతకాలంగా వర్తకుల ముందుకు వస్తున్నాయి. వరిగడ్డి, చెరకు పిప్పి, మొక్కజొన్న కండెల వంటి వ్యవసాయ వ్యర్థాలపై ఎంపిక చేసిన శిలీంధ్రాలను పెంచితే అవి బలమైన పశువుల మేతగా మారుతాయన్నది వాటి సారాంశం. శాస్త్రం దృష్ట్యా ఇందులో అబద్ధం లేదు. అయితే ప్రయోగశాలలో నిలిచిన ప్రతిదీ కాటా మీద నిలవదు. ఈ వ్యవహారాన్ని చిట్టా, ఆవర్జా చేతబట్టి చూడడం అవసరం.

గడ్డిలో ఉన్నదేమిటి?

మేతకు కొరత ఉన్నదనడంలో సందేహం లేదు. ఝాన్సీలోని భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ తన 2050 దృక్పథ పత్రంలో దేశంలో పచ్చిమేత కొరత 35.6 శాతం, ఎండుమేత కొరత 10.95 శాతం, దాణా దినుసుల కొరత 44 శాతం అని లెక్క కట్టింది. ఉత్తర కోస్తాలో పాడి పశువుకు ప్రధానమైన ఎండుమేత వరిగడ్డే. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. పశువు తిన్న గడ్డిలో ఇంచుమించు సగమే ఒంటికి పడుతుంది. మిగిలినది పేడ.

సగం ఎందుకు వృథా అవుతున్నది? గడ్డిలో పశువుకు పనికివచ్చే సెల్యులోజు సమృద్ధిగానే ఉంది. కాని దాని చుట్టూ లిగ్నిన్ అనే గట్టి పదార్థం గోడ కట్టినట్లు ఉంటుంది. వరిగడ్డిలో అదనంగా ఇసుక జాతికి చెందిన సిలికా కూడా ఎక్కువ. పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ గోడను ఛేదించలేవు. తెల్లకుళ్ళు శిలీంధ్రాలనే ఒక జాతి మాత్రం ఛేదించగలదు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు ఆ జాతిదే. అడవిలో పడిపోయిన మానును తెల్లగా, మెత్తగా మార్చివేసేవి ఇవే. దక్షిణ చిలీ అడవులలో ఇలా కుళ్ళి మెత్తబడిన కర్రను పశువులకు మేపడం ఏనాటినుంచో ఉంది. అక్కడివారు దానిని ‘పాలో పోద్రీదో’ అంటారు. కుళ్ళిన కర్ర అని అర్థం.

కర్నాల్ పద్ధతి కథ

ఈ ఆలోచన మన దేశానికి కొత్త కాదు. 1980 దశకంలో హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీనిపై గట్టిగా పనిచేశారు. గడ్డికి ముందు యూరియా పట్టించి మాగవేయడం, తరువాత సూపర్ ఫాస్ఫేటు, సున్నం కలిపి ‘కోప్రినస్’ అనే శిలీంధ్రాన్ని చల్లి పెంచడం వారి విధానం. అదే ‘కర్నాల్ పద్ధతి’గా పేరు పొందింది. ఆ శిలీంధ్రాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. యూరియా నుంచి వచ్చే అమోనియా ఘాటుకు ఇతర బూజులు చాలా వరకు చచ్చిపోతాయి. కోప్రినస్ తట్టుకుంటుంది. కాబట్టి గడ్డిని ఉడకబెట్టి శుద్ధి చేసే ఖర్చు తప్పుతుంది.

ఉపాయం మంచిదే. అయినా అది పల్లెలకు పాకలేదు. శిలీంధ్రం పెరిగేటప్పుడు గడ్డిలోని పదార్థాన్ని తాను కూడా తింటుంది. అది ఉచితంగా పనిచేసే కూలీ కాదు. ముందు తన కూలి తాను తీసుకుని, మిగిలినదే యజమానికి అప్పగిస్తుంది. భారత వ్యవసాయ పరిశోధనా మండలి, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు కలిసి పంట వ్యర్థాల మేతపై సాగించిన ఉమ్మడి పథకంలో తేలినది కూడా ఇంచుమించు ఇదే. యూరియాతో మాగవేసిన గడ్డితో పోల్చితే శిలీంధ్రపు గడ్డికి పట్టే శ్రమ, జరిగే నష్టం ఎక్కువ. రైతుకు అదనంగా దక్కేది తక్కువ.

శాతం వేరు, సరుకు వేరు

వర్తకులు ఇక్కడ ఒక లెక్కను శ్రద్ధగా గమనించాలి. నూరు కిలోల ఎండుగడ్డిలో మాంసకృత్తులు 4 శాతం అనుకుంటే, ఉన్నవి 4 కిలోలు. దానిపై శిలీంధ్రం పెరిగి 30 కిలోల పదార్థాన్ని తినివేసింది. మిగిలినది 70 కిలోలు. మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడా పెరగలేదు, తరగలేదు. అయినా ఇప్పుడు పరీక్షకు పంపితే చీటీలో 5.7 శాతం అని వస్తుంది. నాలుగు నుంచి 5.7కు పెరిగిందని బస్తా మీద అచ్చు వేసుకోవచ్చు. అచ్చువేసిన అంకె తప్పు కాదు. కాని కొట్టులోకి నూరు కిలోలు వచ్చి డెబ్బయి కిలోలు బయటకు వెళ్ళాయన్న సంగతి ఆ బస్తా చెప్పదు.

శిలీంధ్రం గాలిలోనుంచి నత్రజనిని పట్టి మాంసకృత్తులు చేయలేదు. మాంసకృత్తులు నిజంగా పెరగాలంటే యూరియా గాని, తౌడు గాని, చెక్క గాని బయటినుంచి కలపాలి. కలిపినదానికి ఖరీదు ఉంటుంది. ‘పిండి కొద్దీ రొట్టె’ అన్నది ఇక్కడ కూడా చెల్లుతుంది. శిలీంధ్రం వల్ల నికరంగా కలిగే మేలు అరుగుదల పెరగడం ఒక్కటే. అది చిన్న మేలు కాదు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో 2010 దశకంలో జరిగిన పరిశోధనలలో, లిగ్నిన్‌ను ఎక్కువగా, సెల్యులోజును తక్కువగా తినే కొన్ని తెల్లకుళ్ళు జాతులు గడ్డి అరుగుదలను బాగా పెంచినట్లు తేలింది. అయితే అందుకు ఆరు ఏడు వారాలు, శుద్ధి చేసిన గడ్డి, అదుపులో ఉన్న వేడి, తేమ కావలసివచ్చాయి.

గడ్డి వర్తకంలో ఆరువారాలంటే తక్కువ వ్యవధి కాదు. గది అద్దె, శుద్ధికి వేడినీరు, ఆ నీటికి వంటచెరకు, కూలి, పాడైపోయిన సంచుల నష్టం, వీటన్నిటిపై వడ్డీ ఆ వ్యవధిలోనే కూడుతాయి. 30 శాతం తరుగును వీటి పైన వేసుకోవాలి. ఇంత భారం మోసి గిట్టాలంటే తయారైన మేత మామూలు గడ్డికి ఎన్నో రెట్లు పలకాలి. అంత ధరలో పాడి రైతుకు తౌడు, చెక్క దొరుకుతుంటే అతడు వీటినే కొంటాడు. అందులో తప్పు పట్టవలసింది లేదు.

నీటికి కిరాయి

రవాణా లెక్క మరొకటి. శిలీంధ్రం పెరిగిన గడ్డిలో తేమ 65 నుంచి 70 శాతం ఉంటుంది. పది టన్నుల తడి సరుకు లారీకి ఎత్తితే అందులో ఎండు పదార్థం మూడు మూడున్నర టన్నులే. మిగిలిన ఆరున్నర, ఏడు టన్నులు నీరు. చోడవరం నుంచో, నర్సీపట్నం నుంచో విశాఖకు నీటిని కిరాయి ఇచ్చి మోయించుకోవడం ఏ వర్తకుడికీ తగదు. ఎండబెట్టి పంపితే ఇంధనం ఖర్చు. పోనీ ఎండలో ఆరబెట్టుదామంటే, సముద్రపు తేమ నిండిన ఈ తీరంలో ఆరేలోగా వేరే బూజు పట్టే ప్రమాదం ఉంది. కనుక ఈ మేత పుట్టినచోటనే, పశువుల పాక పక్కనే, తాజాగా ఖర్చు కావలసినది. పాత పట్నంలో గిడ్డంగిలో నిల్వ వేసి ధర కోసం ఎదురుచూసే సరుకు కాదు.

‘వ్యర్థం’ అన్న మాటను కూడా నిలదీయాలి. కొనేవాడు ఒక్కడున్నా అది వ్యర్థం కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు సరుకు పంపే రైతును అడిగితే చెరకు పిప్పి వ్యర్థమని అనడు. బెల్లం పెనం కింద మండేది ఆ పిప్పే. పంచదార మిల్లులలో బాయిలర్ల కిందికి పోయేదీ అదే. వరిగడ్డికి పశువులు, పందిళ్ళు, సరుకుల ప్యాకింగు, అట్టల మిల్లులు అంటూ గిరాకీ ఉండనే ఉంది. కోత యంత్రాలు వచ్చాక చేలో చెల్లాచెదరైన గడ్డిని బేళ్ళుగా చుట్టే యంత్రాలు కూడా వచ్చాయి. ముడిసరుకు ఉచితంగా దొరుకుతుందని లెక్క మొదలుపెట్టిన ఏ పథకమైనా, కొనడానికి మరో మనిషి వచ్చిన రోజునే తలకిందులవుతుంది.

ఫిన్లాండులో జరిగింది అటువంటిదే. 1970 దశకంలో అక్కడ కాగితపు గుజ్జు మిల్లులు వదిలే ద్రవంపై శిలీంధ్రాన్ని పెంచి ‘పెకిలో’ అనే పశువుల మేత తయారుచేశారు. సరుకు మంచిదే. కాని గుజ్జు తయారీ పద్ధతి మారేసరికి ఆ ద్రవం రావడం ఆగిపోయింది. దానితో మేత తయారీ మూతపడింది. మరొకరి మిగులుపై నిలబడిన వ్యాపారానికి ఆ మరొకరే యజమాని.

చెడ్డ బూజు చేసిన నష్టం

ఇంతవరకు చెప్పుకున్నది డబ్బు నష్టం. ప్రాణనష్టం సంగతి వేరు. మేలు చేసే శిలీంధ్రం పెరగడానికి కావలసిన తడి, వెచ్చదనమే కీడు చేసే శిలీంధ్రానికీ కావాలి. రెంటిలో ఏది పెరిగిందో కంటితో చెప్పడం ప్రతిసారీ సాధ్యం కాదు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టకుండా చనిపోయాయి. ఆరా తీయగా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో విషం ఉన్నట్లు తేలింది. ఆస్పర్జిల్లస్ అనే బూజు తయారుచేసే ఆ విషమే అఫ్లటాక్సిన్. యూరపు కొనుగోలుదార్లు పరీక్షా చీటీ లేకుండా చెక్కను ముట్టకపోవడం ఆ తరువాతనే. మన వేరుశనగ చెక్క ఎగుమతికి అది పెద్ద అడ్డంకి అయింది. తప్పు ఎక్కడ జరిగినా, దెబ్బ చెక్క అమ్మే ప్రతి రేవుకూ తగిలింది.

గడ్డి విషయంలో దగ్గరి ఉదాహరణ డెగ్నాలా వ్యాధి. చలికాలంలో బూజుపట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక కొస, చెవులు, గిట్టల దగ్గర కుళ్ళు పుడుతుంది. ముదిరితే పశువు దక్కదు. ఉత్తర భారతంలో, పాకిస్తాన్‌లో ఇది చిరకాలంగా తెలిసిన జబ్బు. విశాఖ తీరానికి తడిసిన గడ్డి కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన నాటి సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పడితే కోతకు వచ్చిన వరి, కుప్పవేసిన గడ్డి రెండూ నాని నల్లబడతాయి.

అసలు భయం అక్కడే ఉంది. ‘శిలీంధ్రం పట్టించిన మేత’ అనే పేరుకు ఒకసారి మార్కెట్టులో విలువ కట్టడం మొదలైతే, తుఫానులో తడిసి బూజెక్కిన గడ్డికి కూడా ఆ పేరే పెట్టి అమ్మజూసేవారు రాకపోరు. తెల్లగా కనిపించేదంతా ముత్యపు చిప్ప కాదు. కొనే పాడి రైతుకు ఉన్నవి ఒకటి రెండు గేదెలు. ఒక గేదె పోతే ఆ ఇంటి పాల చీటీ, అప్పు వాయిదా, పిల్లల ఫీజు అన్నీ ఒకేసారి ఆగుతాయి.

పశువుతోనే అది ఆగదు. మేతలోని అఫ్లటాక్సిన్‌లో కొంత భాగం రూపు మార్చుకుని పాలలోకి దిగుతుంది. భారత ప్రమాణాల సంస్థ తయారీ దాణాలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించరాదన్నది. పాలలో దాని మారురూపం కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని ఆహార భద్రతా ప్రమాణాలు చెబుతున్నాయి. పాల కేంద్రంలో పరీక్ష తప్పితే తిరిగి వచ్చేది పాలే కాదు, దాణా అమ్మిన కొట్టు పేరు కూడా.

గిట్టుబాటు దారి

అయితే శిలీంధ్రాలకు దాణా వర్తకంలో చోటే లేదా? ఉంది. నిజానికి అవి ఎప్పుడో ప్రవేశించాయి. మొక్కజొన్న, నూకల నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలలో పనిచేసే ఈస్టు కూడా శిలీంధ్రమే. గింజలోని పిండిపదార్థాన్ని అది సారాయిగా మార్చగా మిగిలిన పిప్పిని ఆరబెట్టితే వచ్చేదే డీడీజీఎస్. 2023 తరువాత మొక్కజొన్న ఇథనాల్ పెరిగేసరికి ఈ సరుకు మార్కెట్టులోకి వెల్లువగా వచ్చి సోయా చెక్క ధరను కిందికి లాగిన సంగతి వర్తకులకు అనుభవమే. ఇది ఎందుకు నెగ్గింది? ప్రధాన రాబడి ఇథనాల్‌ది, మేత ఉపఉత్పత్తి. ఆరబెట్టే యంత్రాలు కర్మాగారంలోనే ఉన్నాయి. ప్రతి లోడుకూ పరీక్షా చీటీ ఉంటుంది.

అయినా దీనిలోనూ తరుగు లెక్క మరువరాదు. మూడు కిలోల మొక్కజొన్నకు సుమారు కిలో డీడీజీఎస్ వస్తుంది. గింజలో ఉన్న విషం సారాయితో పోదు, పిప్పిలోనే మిగులుతుంది. కిలోకు 10 మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ ఉన్న మొక్కజొన్న వాడితే డీడీజీఎస్‌లో అది 30కి చేరుతుంది. మొదటిది హద్దులోపలి సరుకు. రెండవది హద్దు దాటిన సరుకు.

గడ్డికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. శిలీంధ్రం ప్రధాన రాబడిని వేరే రూపంలో ఇచ్చి, మేత ఉపఉత్పత్తిగా మిగిలితేనే గిట్టుతుంది. ఆ ప్రధాన రాబడి పుట్టగొడుగు. సాగు బాగుంటే నూరు కిలోల ఎండుగడ్డికి 60 కిలోల తాజా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వస్తాయి. అందులో తొమ్మిది వంతులు నీరే అయినా, నీటితో సహా తూచి అమ్ముడయ్యే సరుకది. తరుగు ఖర్చు దాని ఖాతాలోకి పోతుంది. కోత ముగిశాక మిగిలిన మెత్తటి గడ్డి దాదాపు ఖరీదు లేని మేత. ఇందులో ఆశకు హద్దు ఉండాలి. పుట్టగొడుగు కోసుకున్నప్పుడు గడ్డిలోని మాంసకృత్తులలో కొంత దానితోనే పోతుంది. కాబట్టి మిగిలిన గడ్డిని చెక్కకు, తౌడుకు బదులుగా కాక, మామూలు గడ్డిలో కొంత భాగానికి బదులుగానే వాడాలి. ఆకుపచ్చ, నల్ల బూజు తగిలిన సంచి పెంటకుప్పకే పోవాలి.

పుట్టకొక్కులంటే తొలకరిలో ఏరుకుని తినేవి అనుకునే పల్లెలలో దీనిని నిలబెట్టడానికి అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, సోలన్‌లో 1983లో ఏర్పడిన పుట్టగొడుగుల పరిశోధన కేంద్రం వంటి సంస్థల అనుభవం అక్కరకు వస్తుంది. ఇందులోనూ జాగ్రత్త అవసరం. విత్తనం మేమే అమ్ముతాం, పంట మేమే కొంటాం అని ముందు డిపాజిట్టు కట్టించుకునే పథకాలను చూస్తే, దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్న సామెత గుర్తుకు రావాలి. కొంటామన్నవాడి దగ్గర శీతల గది ఉందా, ఏ ఊరి హోటళ్ళకు సరఫరా ఉందా అని అడగడం కనీస ధర్మం. ఒకటి రెండు రోజులలో వాడిపోయే సరుకుకు నోటిమాట హామీ చాలదు.

వర్తకులు చేయదగినది

పరిష్కారం వన్ టౌన్ వర్తకుల చేతుల్లోనే చాలావరకు ఉంది. మొదటిది, గడ్డిని ఎండు పదార్థం లెక్కన కొనడం. పది టన్నుల గడ్డిలో తేమ 10 శాతమైతే ఎండు సరుకు తొమ్మిది టన్నులు, 20 శాతమైతే ఎనిమిది. ఈ టన్ను తేడాకు ధరలో కోత ఉంటే రైతు ఆరబెట్టి తెస్తాడు. కోత లేకపోతే తడిసినదే తెస్తాడు. మంచి గడ్డికి పైధర ఇవ్వనంతకాలం బూజు గడ్డిని తిట్టి ప్రయోజనం లేదు.

రెండవది, శిలీంధ్రపు మేత అనే పేరుతో ఏ సరుకు వచ్చినా మూడు అంకెలు లేకుండా బేరానికి దిగకపోవడం. తేమ ఎంత, ఎండు లెక్కన మాంసకృత్తులు ఎంత, అఫ్లటాక్సిన్ ఎంత. దీనికి నాలుగవ ప్రశ్న కూడా చేర్చాలి. ఎన్ని కిలోల గడ్డి నుంచి ఎన్ని కిలోల మేత వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలవాడితోనే మిగిలిన మాటలు.

మూడవది, ఇద్దరి ఎదుట నమూనా తీసి ముద్రవేసి ఉంచే పాత అలవాటును దాణా సరుకులో కూడా ఖచ్చితంగా పాటించడం. ఎగుమతి సరుకుకు ఓడరేవులో పాటించే క్రమశిక్షణ పక్క ఊరి గేదె తినే సరుకుకు అక్కరలేదనుకోవడం న్యాయం కాదు. విదేశపు కొనుగోలుదారు సరుకు తిరగగొట్టగలడు. గేదె ఆ పని చేయలేదు.

శిలీంధ్రాలతో మేత అనేది రేపు మరింత చౌకగా, వేగంగా జరిగే రోజు రావచ్చు. లిగ్నిన్‌నే తిని మిగిలినది వదిలే మంచి జాతి, ఇక్కడి ఉక్కను ఓర్చుకునేది దొరికితే లెక్కలు మారతాయి. అప్పుడు పెట్టుబడికి వర్తకులే ముందుండాలి. అంతవరకు ఈ మేత పాక పక్కన పుట్టి పాకలోనే ఖర్చయ్యే వస్తువు. బస్తాకెత్తి ముద్రవేసి వన్ టౌన్‌కు తెచ్చేవాడు వస్తే, ధర అడగడానికి ముందు తరుగు అడగాలి. ఆ తరుగు కొన్నవాడి ఖాతాలో పడితే అది వ్యాపార నష్టం. పాడి రైతు ఖాతాలో పడితే అది ఒక ఇంటి జీవనాధారం.